చింతపండుతో తోమిన తూటాలు

మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో హరిణి అని ఒక అమ్మాయి ఉంటుంది. వాళ్లది కర్నూలు వైపు. రాయదుర్గంలో ఏదో అద్దాల మేడలో ఉద్యోగం. వారమంతా మెడలో ఆఫీసు బిళ్ల వేసుకుని పరుగులు పెట్టే పిల్ల, ఆదివారం పొద్దున మాత్రం పొడుగాటి నల్లపెట్టె ఒకటి భుజాన తగిలించుకుని తీరిగ్గా లిఫ్టు ఎక్కుతుంది. అది ఏ వీణో గిటారో అయి ఉంటుందని నేను చాలాకాలం అనుకున్నాను. ఒకనాడు ఉండబట్టలేక అడిగితే, "రైఫిల్ ఆంటీ, లైసెన్సు ఉందిలెండి, భయపడాకండి" అని నవ్వింది. భయం మాట అటుంచి, నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. మా బాపు కూడా రైఫిల్ పోటీలకు వెళ్లేవాడని చెప్పాను. ఆ పిల్ల నమ్మినట్టు లేదు. నన్ను చూస్తే ఎవరికైనా రిటైరైన లెక్కల టీచరులాగే కనబడతాను, దానికి నేనేం చేయను.

నమ్మించాలన్న పంతంతో వాళ్ల క్లబ్బుకు నేనూ వస్తానన్నాను. ఔటర్ రింగురోడ్డు దాటి, ఇంకా ఊరు మింగని కాస్త బీడు భూమి ఉన్నచోట ఉంది ఆ క్లబ్బు. అక్కడ తూటాలు చేత్తో నింపుకోవడానికి అనుమతి ఉన్నవాళ్ల కోసం ఒక గది. బల్లమీద తూటాలకు వాడే కొత్త ఖాళీ ఇత్తడి గొట్టాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. హరిణి ఒక్కొక్కటే తీసి, దాని మూతిలోకి నున్నటి ఉక్కు కడ్డీ ఒకటి దించి తీస్తోంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడు మూతులు అక్కడక్కడ నొక్కుకుపోయి ఉంటాయట. వాటిని గుండ్రంగా చేసి, మూతి కిందుండే మెడలన్నీ గుండును ఒకే బలంతో పట్టుకునేలా చూసుకోవాలట. ఒకటి గట్టిగా, ఇంకొకటి వదులుగా పట్టుకుంటే, దూరపు గురికి కొట్టినప్పుడు ఒక గుండు పైకి, ఒక గుండు కిందికి పోతుందట. గుండును కూర్చోబెట్టే పరికరానికి ఒక చిన్న తెర ఉంది. ఎంత బలం పట్టిందో ఆ తెరమీద గీత వస్తుంది. "మీ ఫాదర్ దీన్ని ఎట్ల కొలిచేవారు ఆంటీ?" అని అడిగింది. నేను అప్పటికే ఆ కొత్త గొట్టాల మెడల దగ్గరున్న మచ్చలు చూస్తున్నాను. ఇత్తడిని మెత్తబరచడానికి ఫ్యాక్టరీలో మెడ దగ్గర సెగ చూపిస్తారు. ఆ సెగకు నీలం, గోధుమరంగు కలిసిన మచ్చ ఒకటి మిగిలిపోతుంది. దాన్ని చూడగానే నాకు నవ్వొచ్చింది, వెనకే కళ్లల్లో నీళ్లు కూడా వచ్చాయి. పాపం ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ల సీసా అందించింది.

అప్పట్లో మా ఇల్లు హఫీజ్‌పేట్ స్టేషనుకు దగ్గరలో ఉండేది. పెంకుటిల్లు, ముందు అరుగు, వెనక వాకిలి, వాకిట్లో ఒక మూల పాతకాలపు పిడకల గది. పిడకలు పోయి కిరసనాయిలు, కిరసనాయిలు పోయి గ్యాసు వచ్చాక ఆ గది బాపు సొంతమైంది. బాపు ఒక పెద్ద ఫ్యాక్టరీలో టూల్ రూంలో పనిచేసేవాడు. ఆయన ఇంట్లోకి వస్తే ముందు మిషన్ ఆయిల్ వాసన, తర్వాత ఎర్ర సబ్బు వాసన వచ్చేది. వాళ్ల ఫ్యాక్టరీ ఆటల పోటీల్లో ఎవరో చేతికిచ్చిన రైఫిల్‌తో మొదలైన పిచ్చి అది. రాయదుర్గం అవతల రాళ్లగుట్టల మధ్య రైఫిల్ క్లబ్బువాళ్ల మైదానం ఉండేది. సెలవు దొరికితే సైకిలు తొక్కుకుంటూ అక్కడికి పోయేవాడు. మిగతా మగవాళ్లలా పేకాటకో సినిమాకో పోతే తిట్టడానికైనా వీలుండేదని అమ్మ పక్కింటివాళ్లతో అనేది. అంటూనే ఆయన షూటింగ్ కోటుకు తోలు అతుకులు తనే వేసిపెట్టేది.

ఆదివారం మా ఇల్లు వేరేగా ఉండేది. తూటాలు నింపేది ఆ పూటే. బాపు తెల్లారే స్నానం చేసి, పిడకల గదిలో కిటికీ తెరిచి, బల్ల తుడిచి కూర్చునేవాడు. తుపాకిమందు డబ్బా తెరిచాక ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. పొయ్యిమీద జొన్నరొట్టెలు కాలుతున్న వాసన, గదిలోంచి ఇత్తడి వాసన, రెండూ వాకిట్లో కలిసేవి. నాకు ఆ రెండు వాసనలూ ఈనాటికీ ఆదివారం వాసనలే. పని అయ్యాక బాపు చేతులు ముద్దు పెట్టుకుంటే పాత పైసల వాసన వచ్చేది.

ఈ సందడిలో కలవని మనిషి మా నానమ్మ ఒక్కతే. నానమ్మది గట్టి ప్రాణం, అంతకంటే గట్టి నోరు. తెల్లారి లేచి బొగ్గుతో పళ్లు తోముకోవడం దగ్గర్నుంచి పడుకునేముందు తమలపాకు నమలడం దాకా ఏ ఒక్కటీ మార్చుకోని మనిషి. ఇంట్లో ఇత్తడి గిన్నెలు ఇంకొకరు తోమితే ఒప్పుకునేది కాదు. మా అమ్మ తోమినవి మళ్లీ తోమేది. అలాంటి నానమ్మ, కొడుకు తూటాలు నింపే పూట మాత్రం పిడకల గది గుమ్మానికి ఎదురుగా పీట వేసుకుని, నోరు మెదపకుండా కూర్చునేది. లోపల ఆఖరి గుండు కూర్చునేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. ఆమె చిన్నప్పుడు వాళ్ల పెద్దన్న అడవిపందుల నుంచి చేను కాయడానికి తుపాకి పట్టేవాడట. పాత ఇత్తడి గొట్టాల్నే మళ్లీమళ్లీ నింపి వాడేవాడట. ఒకసారి తూటా తుపాకిలోనే పగిలి ఆయన కన్ను పోయింది. ఆ పగిలిన గొట్టం మూతి కాలి నల్లగా ఉండిందని నానమ్మ ఎప్పుడూ చెప్పేది. కథలన్నీ మార్చి మార్చి చెప్పే మనిషి, ఈ ఒక్క కథలో మాత్రం ఒక్క మాట మార్చేది కాదు.

బాపుకు ఇది పెద్ద పరేషాన్. సర్కారు పర్మిషన్ ఉంది, లెక్క ప్రకారమే మందు పోస్తున్నాను, నీ అన్న కాలం కాదిది అని ఎన్నివిధాల చెప్పినా ఆమె వినేది కాదు. ఒకసారి మాత్రం విసుగెత్తి, "నువ్వు ఆకలితోని గట్ల ఎదురుంగ కూసుంటె నా చెయ్యి నిలుస్తలేదే అమ్మా" అన్నాడు. ఆమె లేచి పీట కొంచెం పక్కకు జరుపుకుంది గానీ అన్నం మాత్రం తినలేదు.

ఆ ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. బాపుకు నలభై దాటింది, కళ్లజోడు కొత్తగా వచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని ఆయన అనలేదు గానీ ఇంట్లో అందరం అలాగే అనుకున్నాం. అంతకుముందు రెండుసార్లు ఆయన గుండ్లు పైకీ కిందికీ పడి జట్టులోకి రాకుండా పోయాడు. పాత గొట్టాలు పాడైపోయి అలా జరుగుతోందని ఆయన లెక్క. ఎన్నో అర్జీలు పెట్టగా పెట్టగా క్లబ్బు ద్వారా కొత్త గొట్టాలు ఒక పెట్టెడు వచ్చాయి. వాటిని ఇంటికి తెచ్చిన రోజు బాపు చొక్కా విప్పకుండానే పెట్టె తెరిచి మాకు చూపించాడు.

సాయంత్రాలన్నీ వాటితోనే గడిచాయి. టూల్ రూంలో తనే అరగదీసి చేసుకున్న ఉక్కు కడ్డీని ప్రతి మూతిలోకీ దించి గుండ్రంగా చేశాడు. పొడుగు సమానం చేసి, మూతి లోపలి అంచు గరుకు లేకుండా గీకాడు. మెడ మందం ఎక్కడైనా తేడాగా ఉంటే దాన్ని పక్కన పెట్టేశాడు. ఇంత ఎందుకని నేను అడిగితే గాజులామె సంగతి చెప్పాడు. గాజు చేతికి వదులైతే జారిపోతుంది, బిగువైతే ఎక్కేటప్పుడే పగులుతుంది, గాజులామె చెయ్యి నొక్కి చూసి సరిపోయేదే ఎక్కిస్తుంది. ఈ మెడలూ అంతేనట, ప్రతి గుండునూ ఒకేలా పట్టుకుని ఒకేలా వదలాలట. ఆ పట్టు కొలిచే పరికరం ఆయన దగ్గర లేదు. గుండును మెడలోకి దించే మీట నొక్కుతున్న చేతికి తెలియాల్సిందే.

అంతా సిద్ధమయ్యాక, పోటీకి ముందు వారం, మా చిన్నమ్మ బిడ్డకు పేరు పెడుతుంటే అమ్మా నేనూ బోరబండ వెళ్లాం. బాపు డ్యూటీలో ఉన్నాడు. మేము తిరిగొచ్చేసరికి వాకిట్లో ఎండలో రెండు చాటలు పెట్టి ఉన్నాయి. వాటి నిండా ఇత్తడి గొట్టాలు బంగారంలా మెరుస్తున్నాయి. మెడల దగ్గర ఒక్క మచ్చ లేదు. నానమ్మ బావి గట్టుమీద కూర్చుని, నానిపోయి ముడతలు పడ్డ వేళ్లు కొంగుకు తుడుచుకుంటోంది. చింతపండు పిప్పి, బూడిద, కొబ్బరి పీచు ఆమె చుట్టూ ఉన్నాయి. అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది. నానమ్మ పైన తోమడమే కాకుండా, పీచును పుల్లకు చుట్టి ఒక్కొక్క మూతి లోపల కూడా తిప్పి తిప్పి రుద్దిందట. మొదట తోమినవి చేతిలో బలం ఉన్నప్పుడు తోమినవి, చివరివి అలసిపోయి తోమినవి. అంత శ్రమా పడి, తోమకముందు అవి ఎలా ఉన్నాయో మాకు వర్ణించి చెబుతూ, అమ్మినవాణ్ణి తిడుతూ కూర్చుంది.

బాపు డ్యూటీ దిగి వచ్చాడు. నానమ్మ ఎదురెళ్లి చెప్పింది. "మూతులన్ని కాలి ఉన్నయిరా. మా అన్నయి గూడ గిట్లనే ఉండె. ఎవడో కాలినయి తెచ్చి నీకు అంటగట్టిండు. అన్ని తోమిన, ఇగ ఫికర్ లేదు." బాపు ఒకదాన్ని తీసి మూతిలోకి వెలుగు పడేలా పట్టుకుని చూశాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత రెండు చాటలూ ఎత్తుకుని గదిలోకి పోయాడు. ఆయన ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. నానమ్మ మాత్రం కొడుకు సంతోషపడ్డాడనే అనుకుంది.

ఆదివారం వచ్చింది. బాపు గదిలో కూర్చున్నాడు. నానమ్మ ఎప్పటిలాగే పీట తెచ్చి వేసుకుంది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్లి కంచంలో జొన్నరొట్టె, పచ్చిపులుసు తెచ్చుకుంది. గుమ్మానికి ఎదురుగా, బాపుకు కనబడేలా కూర్చుని తినడం మొదలుపెట్టింది. మేము నోళ్లు తెరుచుకుని చూశాం. అన్నేళ్లలో అది మొదటిసారి. తన చేత్తో తోమింది కాబట్టి ఆమెకు ధైర్యం వచ్చిందని అందరం అనుకున్నాం.

అమ్మ చాయ్ తీసుకుని గదిలోకి వెళ్తే నేనూ వెనకే వెళ్లాను. బాపు మీట నొక్కుతున్నాడు. ఒక గుండు కీచుమంటూ మెడలోకి దిగింది. ఇంకొకటి చప్పుడు లేకుండా జారిపోయింది. మూడోది మధ్యలో పట్టేసి, ఒక్క ఊపున దిగింది. ఆయన మీట వదిలేసి అమ్మవైపు చూశాడు. కొత్త ఇత్తడి లోపల ఉండే సన్నటి పొర అంతా పోయి మెడలు పొడిబారాయని, పైగా లోపలంతా గీతలు పడ్డాయని మెల్లగా చెప్పాడు. "ఒకటి పట్టుకుంటది, ఒకటి ఇడుస్తది. ఇవి పట్టుకొని పోటీకి పోతే నవ్వుతరు. అమ్మకు చెప్తనే, ఇగ నావల్ల కాదు" అని లేచాడు. అమ్మ ఆయనకు అడ్డంగా నిలబడింది.

"చెప్పకుండ్రి. ఆమె ఇయ్యాల తిన్నది."

బాపు గుమ్మంలోంచి బయటికి చూశాడు. నానమ్మ కంచంలో రొట్టె తుంచుకుంటోంది. ఆయన వచ్చి మళ్లీ బల్ల ముందు కూర్చున్నాడు. నా పెన్సిళ్లు అడిగి తీసుకుని వాటి ముళ్లన్నీ నూరి, పోయిన పొరకు బదులుగా ఆ నల్లటి పొడిని ఒక్కొక్క మెడ లోపలా రాశాడు. కడ్డీ మళ్లీ దించి తీశాడు. చేతికి ఒకేలా తగిలినవి ఒక పక్కకు, కీచుమన్నవి ఇంకో పక్కకు పెట్టాడు. మంచివి పోటీకి చాలలేదు. చాలనిచోట కీచుమన్నవే కలుపుకున్నాడు.

పోటీలో దగ్గరి గురికి బాగానే కొట్టాడట. దూరపు గురి దగ్గర గుండ్లు మళ్లీ పైకీ కిందికీ పోయాయి. కొద్దిలో జట్టు తప్పిపోయింది. ఇంటికొచ్చి సైకిలు గోడకు ఆనించి, అరుగు మీదున్న నానమ్మతో గాలి ఎక్కువుండే అన్నాడు. తూటాలు మంచిగ పేలినయా అని ఆమె అడిగితే, "మస్తు పేలినయే అమ్మా, నీ చెయ్యి పడ్డది కద" అన్నాడు. నేను పక్కనే ఉన్నాను. అబద్ధం చెప్పడం రాని మనిషి అంత నీటుగా ఎలా చెప్పాడా అని ఇప్పటికీ ఆశ్చర్యపోతుంటాను.

అక్కడితో మా బాపు తుపాకి అటక ఎక్కించి ఉంటే ఈ కథ రాయాల్సిన పని ఉండేది కాదు. మరుసటి ఏడు మళ్లీ కొత్త గొట్టాలు తెప్పించాడు. పెట్టె తెచ్చి నేరుగా నానమ్మ ముందు పెట్టి, తోమిపెట్టమన్నాడు. కొబ్బరి పీచు వద్దు, పాత ధోవతి గుడ్డ చాలు, లోపల రుద్దితే రంగు పోతుంది అని ఏదో చెప్పాడు. ఆమె ఎండలో కూర్చుని చింతపండుతో పైపైన తుడిచి ఇచ్చాక, అప్పుడు మొదలుపెట్టాడు తన పని. ఆమె చింతపండు ముందు, ఆయన కడ్డీ తర్వాత, నా పెన్సిల్ పొడి ఆఖరున. పని వరస మారిపోయింది గానీ మెడలన్నీ ఒకే పట్టుకు వచ్చాయి. ఆ ఏడాదంతా ఆదివారాలు నానమ్మ గుమ్మం ముందు కూర్చుని రొట్టె తింటూనే ఉంది. ఎంపిక పోటీలో బాపు గుండ్లన్నీ ఒకేచోట గుంపుగా పడ్డాయి. జట్టులోకి వచ్చాడు.

క్లబ్బు గదిలో హరిణికి ఇంతవరకే చెప్పాను. ఆమె నవ్వి నవ్వి, మీ నానమ్మ ఇక్కడుంటే నా గొట్టాలన్నీ దాచిపెట్టుకోవాల్సి వచ్చేది అంది. తిరిగొచ్చేటప్పుడు రాయదుర్గం మీదుగా వచ్చాం. బాపు బోర్లా పడుకుని గురి చూసిన గుట్టలు ఎక్కడుండేవో నాకు తెలియలేదు. మెట్రో ఆగే చోటో, మేడల నీడ పడే చోటో ఏదో ఒకటి అయి ఉంటుంది. ఆ గుట్టలు పోయినందుకు నాకు పెద్ద బాధేమీ లేదు. ఎండాకాలం అక్కడ నిప్పులు కురిసేవి, ఇప్పుడు కనీసం చల్లటి మంచినీళ్లు దొరుకుతున్నాయి. హరిణి తెరమీది గీత కూడా నాకు నచ్చింది. బాపు బతికుంటే దాని ముందు నుంచి లేచేవాడు కాదు. కానీ ఆ పిల్ల పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ గదిలో ఒక్కతే కూర్చుని పనిచేసింది. ఆకలేస్తే ఫోన్లో ఏదో తెప్పించుకుంది. ఆమె చెయ్యి నిలిచిందా వణికిందా అని గుమ్మం బయట కూర్చుని చూసేవాళ్లెవరూ లేరు. వాళ్లమ్మకు భయమని ఇంట్లో ఈ సంగతులేవీ చెప్పదట. అది మంచిదో కాదో నేను తేల్చలేకపోయాను.

హరిణికి చెప్పనిది ఒకటి ఉంది. బాపు జట్టులోకి వచ్చిన మర్నాడు క్లబ్బు సెక్రటరీగారు మిఠాయి పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కోస్తా మనిషి, నోట్లో మాట నిలవని పెద్దమనిషి. బాపు కిందటేడు తన బాధ బయటివాళ్లలో ఆయన ఒక్కడికే చెప్పుకున్నాడు. అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతూ ఆయన నానమ్మ వైపు తిరిగి, "కిందటేడే వచ్చేసేదండి మీవాడికి. ఇంట్లో ఎవరో తెలీక చింతపండేసి తోమేశారట కదండీ, మెడలన్నీ గీతలు పడిపోయాయి. లేకపోతే అప్పుడే జట్టులో ఉండేవాడు" అన్నారు. చాయ్ బాగుందని అమ్మను మెచ్చుకుని, సంతోషంగా స్కూటరెక్కి వెళ్లిపోయారు.

అమ్మ ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికి పోలేక అక్కడే నిలబడింది. బాపు తల ఎత్తలేదు. నానమ్మ మిఠాయి పొట్లం పక్కకు జరిపింది. ఇక ఇల్లు లేచిపోతుందని నేను భయపడ్డాను. ఆమె గొంతు మాత్రం చాలా మెల్లగా వచ్చింది.

"నాకెందుకు చెప్పలేదురా?"

"నువ్వు ఆ దినం తిన్నవు కదనే అమ్మా. నీకు భయం పోయిందనుకున్న. మళ్ల ఎట్ల చెప్పాలె?"

నానమ్మ కొడుకు వైపు తిరిగింది.

"భయం యాడ పోయిందిరా. నేను తినకుంటె చెయ్యి నిలుస్తలేదంటివి. నీ చెయ్యి నిలవాలెనని తిన్న. ఒక్క ముద్ద గొంతు దిగలే. నీళ్లు తాగుకుంట మింగిన."

బాపు తలెత్తాడు. "ఆ ఒక్క దినమేనా?"

"అన్ని ఆదివారాలు" అంది నానమ్మ.

బాపు లేచి వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నాడు. అమ్మ వంటింట్లోకి వెళ్లి రెండు కంచాల్లో అన్నం వడ్డించి తెచ్చి, వాళ్లిద్దరి ముందు పెట్టి, ఇద్దరూ తినేదాకా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.